పద్నాలుగు మెట్ల ఇంట్లో బేబీ వాకర్: అత్తగారికి ఎలా చెప్పను?

మర్రిపాలెం కోడలు:

అందరికీ నమస్తే. ప్రశ్న కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి. బాబు పడుకున్నాడు, లేచేలోగా రాసెయ్యాలి.

మావాడికి ఏడున్నర నెలలు. కూర్చుంటాడు. పాకుతాడు గానీ ముందుకి కాదు, వెనక్కి. బొమ్మ కోసం చెయ్యి చాపుతాడు, ఒళ్ళంతా వెనక్కి జారిపోతుంది, బొమ్మ దూరమైపోయిందని ఏడుస్తాడు. చూసే మాకు నవ్వు, వాడికి కోపం. మొన్న ఆదివారం మా అత్తగారు సామాన్లకని పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి, చింతపండు, ఎండుమిరపకాయలతో పాటు ఒక వాకర్ కూడా ఆటోలో వేసుకొచ్చారు. 1,850 రూపాయలు. నీలం రంగు, ముందు ట్రే, ట్రే మీద ఏనుగు, ఏనుగు తొండం నొక్కితే పాట. ఆ పాట నాకిప్పటికే కంఠతా వచ్చేసింది.

మా ఇల్లు కొండవాలు మీద. రోడ్డు నుంచి 14 మెట్లు ఎక్కితే వరండా, వరండా దాటితే హాలు, హాలు వెనక వంటిల్లు. వరండాకి గ్రిల్ గేటు ఉంది. పాతది హుద్‌హుద్ తుఫానుకి ఊడిపోతే మా మామగారు కొత్తది పెట్టించారు. కొత్తదంటే 2014లో కొత్తది. దాని గడియ తుప్పు పట్టి సగమే పడుతుంది. వాటర్ క్యాన్ కుర్రాడు, పాలాయన, కింద పోర్షన్ పిల్లలు, ఎవరొచ్చినా తీసినట్టే వదిలేసి పోతారు. హాలుకీ వరండాకీ మధ్య చెక్క గడప ఉండేది. టైల్స్ వేయించినప్పుడు మామగారి మోకాళ్ళకి ఇబ్బందని తీయించేశారు. అంటే వంటింటి నుంచి మొదటి మెట్టు దాకా నున్నటి నేల, మధ్యలో ఏ అడ్డూ లేదు.

మొదటి రోజు వాకర్‌లో కూర్చోబెడితే కాళ్ళు అందీ అందక వేళ్ళ మీద నిలబడ్డాడు. రెండో రోజు వెనక్కి వెళ్ళాడు. మూడో రోజు ముందుకి. నాలుగో రోజు నేను కుక్కర్ విజిళ్ళు లెక్కపెట్టుకుంటుంటే వెనకనించి వచ్చి నా మడమలకి గుద్దేశాడు. హాల్లో ఏనుగుతో ఆడుకుంటున్నాడనుకున్నవాడు వంటింట్లోకి ఎప్పుడొచ్చాడో నాకు తెలీదు. వాడు కిలకిలా నవ్వుతున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు చల్లబడిపోయింది. అటు వచ్చినవాడు ఇటు వెళ్ళి ఉంటే?

మా అత్తగారితో అంటే, "ఏటవుతాదే? మా గుంటలు ముగ్గురూ బండితోనే నడిసీసేరు. మీ ఆయన పదో నెలకే గడప దాటీసేడు, గారెలు కూడా వండేను" అన్నారు. ఆవిడ మంచి మనిషి. నాకు ఆపరేషన్ అయినప్పుడు నలభై రోజులు నన్ను నేల మీద కాలు పెట్టనివ్వలేదు. ఆవిడ ముచ్చటపడి తెచ్చిన వస్తువుని అటక మీదకి ఎక్కించడానికి నాకు నోరు రావడం లేదు. మా ఆయనకి ప్లాంటులో షిఫ్టులు. ఈ వారం నైట్. అడిగితే "మీరూ మీరూ చూసుకోండి" అని దుప్పటి ముసుగు పెట్టేస్తారు.

ఇంకో మాట దాచకుండా చెప్తాను. వాకర్ వల్ల నాకూ సుఖంగానే ఉంది. వాడు అందులో ఉన్న అరగంటలో బట్టలు ఆరేసుకున్నాను, తలంటుకున్నాను. ఏడు నెలల్లో తొందర లేకుండా చేసిన స్నానం అదొక్కటే. అందుకే అడగడానికి కొంచెం సిగ్గుగా కూడా ఉంది.

నిజంగా అంత ప్రమాదమా? నడక తొందరగా వస్తుందా, ఆలస్యమవుతుందా? ఎవరైనా వాడి చూసినవాళ్ళు చెప్పండి.

గాజువాక నాన్న:

ఇంత ఆలోచించక్కర్లేదండీ. మా పిల్లలిద్దరూ వాకర్‌లోనే తిరిగారు. పెద్దాడు ఇప్పుడు స్కూల్ టీములో ఫాస్ట్ బౌలింగ్ వేస్తున్నాడు. నెట్‌లో చదివితే పిల్లలకి నీళ్ళు తాగించడానికి కూడా భయపడాల్సిందే. ఆ గేటు గడియ బాగు చేయించండి, మీరు కళ్ళెదురుగా ఉండండి, సరిపోతుంది. కింద బ్రేకులున్న వాకర్లు కూడా వస్తున్నాయి.

రెండు మెట్ల అమ్మ:

గాజువాక నాన్నగారూ, మీ పిల్లలు బాగున్నారు, సంతోషం. నేను కూడా కళ్ళెదురుగానే ఉన్నానండీ.

మాది మధురవాడలో అపార్ట్‌మెంట్, గ్రౌండ్ ఫ్లోర్. మెట్లే లేని ఇల్లని మురిసిపోయేదాన్ని. వంటింటి వెనక గిన్నెలు తోముకునే చోటుకి మాత్రం రెండు మెట్లు దిగాలి. రెండే. వాటిని మెట్లని నేనెప్పుడూ అనుకోలేదు. ఈ పేరు తర్వాత పెట్టుకున్నదే.

పాపకి అప్పుడు తొమ్మిది నెలలు. వాకర్ మా అమ్మ కొనిపెట్టింది, అత్తగారు కాదు, కాబట్టి ఇందులో ఎవరి పక్షమూ లేదు. పొద్దున్న దోశలు వేస్తున్నాను. పనిమనిషి వెనక తలుపు తీసి, తడిగుడ్డ ఆరెయ్యడానికి వెళ్ళింది. తలుపు వేసే ఉంటుందని నా ధీమా. వాకర్ చక్రాలు టైల్స్ మధ్య గీతలు దాటినప్పుడల్లా టక్, టక్ మని చప్పుడొస్తుంది, మీరూ గమనించే ఉంటారు. పాప మెల్లగా వెళ్తే మెల్లగా, ఊపందుకుంటే టకటకా. ఆ చప్పుడు వింటూ పని చేసుకోవడం నాకు అలవాటైపోయింది. తను ఎక్కడుందో చెవితో తెలిసిపోయేది. ఆ రోజు నా పక్కనుంచే వెళ్ళింది. టకటకటక. తర్వాత చప్పుడు ఆగింది. ఆగిందంటే నిలబడిందనుకున్నాను. చక్రాలు గాల్లో ఉన్నాయని ఆ క్షణంలో ఎవరికి తడుతుంది?

మూడడుగుల దూరంలో ఉన్నాను. తిరిగి చూసేసరికి వాకర్ తల్లకిందులుగా ఉంది, పాప దాని కింద. మామూలుగా పిల్లలు పడితే చేతులు ముందుకి పెడతారు, లేకపోతే పక్కకి దొర్లుతారు. ఇందులో నడుం సీటులో ఇరుక్కుని ఉంటుంది, ముందు ట్రే అడ్డం, మొత్తం బరువుతో మొహం మీదే పడతారు. ఎత్తుకున్నాను. పెదవి చీలింది, నుదుటి మీద చూస్తుండగానే నిమ్మకాయంత బొప్పి లేచింది. ఆటోలో సగం దూరం వెళ్ళాక గమనించాను, దోశ గరిటె నా చేతిలోనే ఉంది, పాప జుట్టునిండా పిండి.

మూడు కుట్లు పడ్డాయి. తలకి స్కాన్ తీశారు. ఎముకకి ఏమీ కాలేదు, కానీ వాంతులు అవుతున్నాయా, మరీ మత్తుగా పడుకుంటోందా అని ఒక రాత్రంతా గంటగంటకీ లేపి చూశాం. డ్యూటీ డాక్టరమ్మాయి నేను నోరు విప్పకముందే "వాకరా?" అని అడిగింది. ఆ ఒక్క మాట ఇప్పటికీ చెవిలో ఉంది. అంత మామూలన్నమాట వాళ్ళకి.

ఆ రాత్రి ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో చదివాను. ఇదేదో ముందు చదవాల్సింది. అమెరికాలో 1990 నుంచి 2014 దాకా వాకర్ దెబ్బలతో ఎమర్జెన్సీకి వచ్చిన పదిహేను నెలల లోపు పిల్లల లెక్క తీశారు. 2 లక్షల 30 వేల పైచిలుకు. పదిమందిలో తొమ్మిదిమందికి దెబ్బ తలకో మెడకో. దాదాపు నాలుగింట మూడొంతుల మంది మెట్ల మీంచి పడ్డవాళ్ళు. నా రెండు మెట్లూ ఆ కోవలోవే. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం ఏమంటుందంటే, ఈ దెబ్బల్లో ఎక్కువ భాగం పెద్దవాళ్ళు చూస్తుండగా తగిలినవేనట. వాకర్‌లో పిల్ల సెకనుకి మూడడుగుల కన్నా ఎక్కువ దూరం పోగలదు. మా వంటిల్లు తొమ్మిదడుగులు. మూడు సెకన్లు కూడా కాదు. దోశ తిరగెయ్యడానికే అంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది.

బ్రేకుల మాట. అది అబద్ధం కాదు. 1997లో అమెరికాలో వాకర్లకి ఒక ప్రమాణం పెట్టారు: మెట్టు అంచుకి వచ్చేసరికి ఆగేలా ఉండాలి, లేదా తలుపులో పట్టనంత వెడల్పుండాలి. 1990లో ఏడాదికి 20 వేల పైన ఉన్న దెబ్బలు 2003కి రెండు వేలకి దిగాయి. 2010లో దాన్ని తప్పనిసరి నిబంధన చేశారు. అయినా వాళ్ళ డాక్టర్లు వాకర్ల తయారీనే ఆపెయ్యమని ఇప్పటికీ అంటున్నారు. మా పాప వాకర్ కింద కూడా నాలుగు ఎర్ర రబ్బరు ముక్కలున్నాయి. బ్రేకులన్నాడు కొట్టువాడు. తడిగుడ్డ పెట్టిన టైల్ మీద అవి ఏం పట్టుకుంటాయి?

కెనడాలో అయితే 2004 నుంచి వీటిని అమ్మడమే నేరం. మా తోటికోడలు టొరంటోలో ఉంటుంది. వాడేసిన పాతది ఇంటి ముందు పెట్టి అమ్ముకున్నా తప్పేనట. అదేమిటి, మనకి ఆటోలో వేసి పంపిస్తున్నారే అనిపించింది నాకు.

మెట్లొక్కటే అనుకోకండి. కింద కూర్చున్న పిల్లకి టీపాయ్ అందదు. వాకర్‌లో నిలబెడితే అందుతుంది. వేడి టీ, రైస్ కుక్కర్ వైరు, దేవుడి మందిరం కింది అరలో వెలుగుతున్న కుంది. మా అక్క కొడుకు వాకర్‌లో వెళ్ళి టేబుల్ క్లాత్ లాగాడు. పైన ఉన్నది అదృష్టం కొద్దీ మజ్జిగ. పులుసు అయ్యుంటే?

ఇప్పుడు మీరు సిగ్గుపడుతూ రాసిన మాట దగ్గరికి వస్తాను, ఎందుకంటే మొత్తం పోస్టులో అసలు సంగతి అదే. వాకర్ మనం కొనేది పిల్లాడి కాళ్ళ కోసం అంటాం గానీ, అది మన చేతుల కోసం. రెండు చేతులూ ఖాళీగా అరగంట. ఆ అరగంట మీకు అవసరం. దాన్ని తీసి పారెయ్యమని చెప్పేవాళ్ళెవరూ బదులు ఏం చెయ్యాలో చెప్పరు, అందుకే అటక మీది వాకర్ వారం తిరక్కుండా కిందకి దిగుతుంది. మా ఇంట్లో దిగింది కూడా, కుట్లు ఊడాక పది రోజులకి. సిగ్గు పడాలంటే నేను పడాలి.

రెండోసారి అటకెక్కించాక ఏం చేశానో చెప్తాను. హాల్లో ఒక మూల సోఫానీ దివాన్నీ ఎల్ ఆకారంలో జరిపి, మూడో వైపు మా ఆయన పాత ఇంజనీరింగు పుస్తకాల అట్టపెట్టెలు రెండు పెట్టాను. అవి కదలవు, ఆయన చదివినప్పుడూ కదల్లేదు. మధ్యలో బొంత, బొంత మీద చాప. వంటింటి కింది అరలో ఉన్న గాజు సామాను పైకి ఎక్కించి స్టీలు గ్లాసులు, చిన్న గిన్నెలు, చెక్క గరిటెలు పెట్టాను. నేను వండుతుంటే తను వాటిని వంద సార్లు బయటికి లాగేది. చప్పుడు భరించాలి. స్నానం మాత్రం ఆయన ఇంట్లో ఉన్నప్పుడే. పొద్దున్న ఏడు నుంచి ఏడున్నర వరకు పాప ఆయన డ్యూటీ, డాబా మీద. మొదట్లో గొణిగారు. ఇప్పుడు ఎవరైనా ఇంటికొస్తే ఆ కబుర్లే. మీ ఆయనది నైట్ షిఫ్టయినా ముసుగు పెట్టేముందు అరగంట ఇవ్వగలరు, అడగండి.

అత్తగారితో డాక్టర్ చెప్పాడనో, అమెరికాలో ఇలాగనో మొదలెట్టకండి. ఒక చాప వేసి, బాబుని ఆవిడ ఎదురుగా కూర్చోబెట్టి, చిక్కుడుకాయలు ఈనెలు తియ్యమని ఆవిడకి ఇవ్వండి. వాడు కాయలు లాగుతాడు, ఆవిడ లాక్కుంటారు. ఇద్దరికీ గంట తెలీకుండా గడిచిపోతుంది.

గేటు గడియ మాత్రం రేపే బాగు చేయించండి. వాకర్ ఉన్నా లేకపోయినా ఇంకో రెండు నెలల్లో మీవాడు తనంతట తనే అక్కడికి చేరతాడు.

ఉక్కునగరం మామ్మ:

అమ్మాయీ, మీ అత్తగారు "బండితో నడిచారు" అన్నారని రాశావు. ఏ బండి అని అడిగావా?

మా రోజుల్లో ఇలాంటి కుర్చీ బండ్లు ఎక్కడివి? మేమప్పుడు యలమంచిలిలో ఉండేవాళ్ళం. మా పిల్లలకి మా వీధి వడ్రంగి చేసిచ్చిన మూడు చక్రాల చెక్క బండి ఉండేది. ముందు కడ్డీకి ఏటికొప్పాక లక్క పూసలు గుచ్చి ఉండేవి, తిప్పితే గలగలమనేవి. పిల్లాడు అందులో కూర్చోడు. తనంతట తను లేచి నిలబడి, వెనక కడ్డీ పట్టుకుని తోసుకుంటూ పోవాలి. నిలబడలేనివాడికి ఆ బండితో పనే లేదు. కాబట్టి మీ అత్తగారు చెప్పింది అబద్ధం కాకపోవచ్చు, కానీ ఆ బండి ఈ బండి కాదు.

అది కూడా మట్టినేల మీద బండి. నున్నటి నేల మీద పరిగెత్తిపోతుంది, పిల్లాడు వెనక బోర్లా పడతాడు. మా మనవరాలికి కొన్నప్పుడు చక్రాలకి పాత లుంగీ గుడ్డ పేలికలు చుట్టి, ముందు రెండు కిలోల ఇసుక మూట కట్టాను. మెట్లున్న వైపు దానికీ ప్రవేశం లేదు.

సీతమ్మధార ఫిజియో:

పిల్లలకి ఫిజియోథెరపీ చేస్తాను. దెబ్బల గురించి పైన చెప్పేశారు, నడక గురించి నేను చెప్తాను.

మర్రిపాలెం కోడలుగారూ, మీ పోస్టులో రెండు ముక్కలు నాకు బాగా నచ్చాయి. ఒకటి వెనక్కి పాకడం. దానికి కంగారు పడకండి. ఈ వయసులో కాళ్ళ కన్నా చేతులకి ముందు బలం వస్తుంది. చేతులతో నేలని నెడితే ఒళ్ళు వెనక్కే కదా పోతుంది. బొమ్మ ముందు పెట్టి, వాడి అరికాళ్ళ వెనక మీ అరచెయ్యి గోడలా ఆనించండి. తోయకండి, ఆనించండి చాలు. వాడే తన్నుకుని ముందుకొస్తాడు. రోజుకి నాలుగైదు సార్లు, వాడికి విసుగొచ్చేలోపు ఆపెయ్యండి.

రెండోది "వేళ్ళ మీద నిలబడ్డాడు" అన్నారు. వాకర్ సంగతంతా అక్కడే ఉంది. నడవాలంటే ఒక కాలి మీద బరువు ఆపుకోవాలి, నడుమూ తుంటీ కుదురుగా ఉండాలి, తూలితే సర్దుకోవాలి. వాకర్‌లో బరువు సీటు మోస్తుంది. తూలే అవకాశమే లేదు. ముందుకి వాలి కాలివేళ్ళతో నేలని గీరితే బండి కదిలిపోతుంది. పిక్కలకి పని ఎక్కువ, తుంటికి పని లేదు. పైగా ట్రే అడ్డం వల్ల తన పాదాలు తనకి కనిపించవు. తను వేసిన అడుగుకీ తను కదిలిన దూరానికీ లంకె కుదరదు.

1999లో అమెరికాలో 109 మంది పిల్లలని చూసిన ఒక పరిశోధనలో, వాకర్ వాడిన పిల్లలు కూర్చోవడం, పాకడం, నడవడం మూడూ ఆలస్యంగా చేశారు. పాదాలు కనపడని వాకర్లని ప్రత్యేకంగా పరిశీలించారు కూడా. 2002లో ఐర్లండులో 190 మందిని చూసినప్పుడు, వాకర్‌లో గడిపిన మొత్తం సమయంలో ప్రతి 24 గంటలకీ సొంతంగా నడవడం 3.3 రోజులు వెనకబడినట్టు లెక్క తేలింది. రోజుకి గంట చొప్పున నాలుగు నెలలు వేస్తారనుకోండి. 120 గంటలు, అంటే అయిదు ఇరవైనాలుగులు. పదహారు రోజులు.

పదహారు రోజులకి కొంపలేం మునిగిపోవు, అది కూడా చెప్పాలి. గాజువాక నాన్నగారి అబ్బాయి బౌలింగ్ వేస్తున్నాడంటే నాకు ఆశ్చర్యం లేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు వాకర్ ఉన్నా నడుస్తారు. కానీ "నడక తొందరగా వస్తుంది" అని కొంటున్న వస్తువు నడకని వెనక్కి లాగుతుంటే, అది చెప్పకుండా ఎలా ఉంటాను? మా దగ్గరికి వచ్చే తల్లుల్లో ఎక్కువమంది కొన్నది ఆ మాట నమ్మే.

ఇంకొకటి, పదో నెల పోటీ వదిలెయ్యండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా అయిదు దేశాల పిల్లలని చూసి చెప్పిన లెక్కలో, సొంతంగా నడవడం ఎనిమిది నెలల నుంచి పదిహేడున్నర నెలల మధ్య ఎప్పుడైనా మామూలే. అసలు దోగాడకుండానే లేచి నడిచే పిల్లలు నూటికి నలుగురు ఉంటారు. పద్దెనిమిది నెలలు దాటాక కూడా నడవకపోయినా, ఒక పక్క చెయ్యీ కాలే వాడుతున్నా, వాకర్ మానేశాక కూడా ఎప్పుడూ వేళ్ళ మీదే నిలబడుతున్నా డాక్టర్‌కి చూపించండి.

మన పెద్దవాళ్ళు ఎంత చక్కగా వరస పెట్టారండీ. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకి అరిసెలు, గడపకి గారెలు, పలుకులకి పంచదార చిలకలు. వాకర్ ఎక్కినందుకు ఏ పిండివంటా లేదు. మీ అత్తగారికి నా పేరు చెప్పకుండా ఈ మాట చెప్పి చూడండి.

గాజువాక నాన్న:

ఫిజియోగారూ, మా చిన్నమ్మాయి వేళ్ళ మీద నడిచేది, రెండేళ్ళ దాకా. మేం సరదాగా డాన్సరు అనేవాళ్ళం. ఇప్పుడు మామూలే. అది వాకర్ వల్లేనంటారా?

సీతమ్మధార ఫిజియో:

ఇప్పుడు మడమ ఆనించి నడుస్తోందంటే సంతోషం. వేళ్ళ మీద నడవడానికి చాలా కారణాలుంటాయి, ఏ కారణమూ లేకుండా కొన్నాళ్ళు అలా నడిచి మానేసే పిల్లలూ ఉంటారు. చూడకుండా వాకర్ మీద నెట్టెయ్యను.

మర్రిపాలెం కోడలు:

తొమ్మిది రోజులైంది, జవాబు ఇవ్వలేకపోయాను, బాబుకి జలుబు. అందరికీ పేరుపేరునా థాంక్స్. రెండు మెట్ల అక్కా, మీ గరిటె సంగతి చదివి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు గడియ. మా ఆయన స్వయంగా కొత్తది బిగించారు, లోపలి పక్క, నా భుజం ఎత్తులో. పాలాయన మొదటి రోజు గేటు ఊపి ఊపి, "ఏటమ్మా, నామీద కోపమేటి?" అన్నాడు.

మామ్మగారూ, మీరు చెప్పినట్టే అడిగాను. అత్తయ్యా, మీ పిల్లలు ఏ బండితో నడిచారు అని. "ఇలాటిదే" అన్నారు మొదట. కూర్చునేవారా అంటే కాసేపు ఆలోచించి, "కూకోడానికేటుంది, కర్రే కదా" అన్నారు. ఆ బండి తెనాలిలో ఉన్న మా పెద్ద ఆడపడుచు ఇంట్లో ఉందని, ఒక చక్రం పోయిందని, అది తోస్తూ మా ఆయన నూతి గట్టుకి గుద్ది పన్ను విరగ్గొట్టుకున్నారని ఇప్పుడు బయటపడింది. ఇన్నాళ్ళూ నాకు వినిపించిన కథలో పన్ను లేదు, గారెలే ఉన్నాయి.

పిండివంటల మాట అంటే నవ్వేశారు గానీ ఒప్పుకోలేదు. చిక్కుడుకాయలు మాత్రం పని చేశాయి. బాబు ముందుకి పాకిన మొదటి నాలుగడుగులూ ఆ చిక్కుడుకాయల పళ్ళెం కోసమే. అరికాళ్ళ వెనక చెయ్యి ఆనించింది అత్తయ్యే. నేను చెప్పలేదు, నేను చేస్తుంటే చూశారు. సాయంత్రం ఫోన్లో మా ఆడపడుచుతో "నానే పాకించినాను" అని చెప్తుంటే వంటింట్లోంచి విన్నాను. విననట్టు ఊరుకున్నాను.

స్నానం ఇంకా తొందరగానే చేస్తున్నాను. నైట్ షిఫ్టు దిగొచ్చిన మనిషిని అరగంట కూర్చోబెట్టడం రెండు రోజులు జరిగింది, మూడో రోజు ఆయన చాప మీద బాబు పక్కనే నిద్రపోయారు. ఇంకా తేలలేదు ఆ విషయం.

వాకర్‌తో మాత్రం చిక్కొచ్చింది. కింద పోర్షన్ వాళ్ళు "మీకు అక్కర్లేదు కదా, మా మనవడికి ఇవ్వండి" అని అడిగారు. అత్తయ్య ఇచ్చేద్దామన్నారు. వాళ్ళింటికి మూడు మెట్లున్నాయి. నేను ఇవ్వనన్నాను. పెళ్ళయ్యాక ఆవిడ మాటకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆవిడ ఒక పూట మాట్లాడలేదు. 1,850 రూపాయల వస్తువు విరగ్గొట్టి పారెయ్యడానికి ఆవిడకి మనసొప్పదు, ఇంకొకరి ఇంటికి పంపడానికి నాకొప్పదు.

మా ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చి చక్రాలన్నీ ఊడదీశారు. సీటు విరిచి ప్లాస్టిక్ సామాన్లవాడికి వేసేశాం. ఏనుగు బాబు దగ్గరే ఉంది, పాట ఆగలేదు. చక్రాల్లో నాలుగు తీసి అత్తయ్య తన బియ్యం డబ్బా కింద చెక్కకి బిగించమన్నారు. నిన్న ఊడ్చుకోవడానికని డబ్బాని వేలితో తోశారు, అది వంటింట్లోంచి హాలు దాటి సర్రున వరండాలోకి పోయి గేటుకి గుద్దుకుని ఆగింది. ఇద్దరం అలా నిలబడి చూశాం. తర్వాత ఆవిడే వెళ్ళి డబ్బా వెనక్కి తోసుకొచ్చి, మళ్ళీ గేటు దగ్గరికి నడిచి, గడియ సరిగా పడిందో లేదో లాగి చూసుకున్నారు.